ఆజ్ఞ ఎవరిది? తెలుగు ఇంటర్‌ఫేస్‌లో సామాన్యుడు, నిపుణుడు: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆపరేటింగ్ సిస్టమ్ నిపుణుడికి అనువుగా ఉండాలా, సామాన్యుడికి అనువుగా ఉండాలా అన్న చర్చ కంప్యూటర్ రంగంలో పాతదే. అయితే ఆ చర్చలో పాల్గొన్న ఇరుపక్షాల దృష్టిలోనూ సామాన్యుడంటే ఆంగ్లం తెలిసిన సామాన్యుడే. ఆ సామాన్యుడు తెలుగువాడైనప్పుడు ప్రశ్న స్వరూపం మారుతుంది. తెలుగు ఇంటర్‌ఫేస్‌లలోని పదజాలం, విధ్యర్థక క్రియారూపాలు, కీబోర్డు అమరికలు, లిపి ప్రదర్శన ఆధారంగా ఈ వ్యాసం ఆ మార్పును పరిశీలిస్తుంది. మనిషి యంత్రానికి ఇచ్చే ఆజ్ఞ, యంత్రం మనిషికి ఇచ్చే సూచన తెలుగు అనువాదంలో కలగలిసిపోయాయనీ, ఈ కలగలుపు వల్ల ఎక్కువగా నష్టపోయేది సామాన్యుడేననీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆపరేటింగ్ సిస్టమ్, స్థానికీకరణ, విధ్యర్థకం, శిష్టవ్యావహారికం, ఇన్‌స్క్రిప్ట్, యూనికోడ్, డీటీపీ.

1. ఉపోద్ఘాతం:

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలైనవారు యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు శ్రీకారం చుట్టారు. దాన్ని నిర్మించినవారూ వారే, వాడినవారూ వారే. అప్పటి టెలిటైప్ యంత్రం సెకనుకు పది అక్షరాలకు మించి అచ్చువేయలేకపోయేది. అక్షరం ఆదా అయితే శ్రమ ఆదా అయ్యే ఆ పరిస్థితిలో ఆదేశాల పేర్లు రెండు మూడు అక్షరాలకు కుదించుకుపోయాయి. నకలుకు 'సీపీ', తొలగింపుకు 'ఆర్ఎమ్', జాబితాకు 'ఎల్ఎస్'. ఫైలులోని పాఠాన్ని చూపే ఆదేశం పేరు 'క్యాట్'. దానికీ పిల్లికీ సంబంధం లేదు. జోడించడం అనే అర్థంగల 'కన్‌క్యాటినేట్' అన్న ఆంగ్లపదంలోంచి తెంపుకొచ్చిన ముక్క అది. యూనిక్స్‌ను మళ్లీ రాస్తే ఏం మారుస్తారని అడిగితే, ఒక సిస్టమ్ కాల్ పేరులో వదిలేసిన చివరి అక్షరాన్ని చేరుస్తానని థాంప్సన్ బదులిచ్చినట్లు ఆ రంగంలో ఒక చమత్కారం ప్రచారంలో ఉంది.

1981లో డొనాల్డ్ నార్మన్ 'డేటామేషన్' పత్రికలో యూనిక్స్‌ను విమర్శిస్తూ వ్యాసం రాశారు. ఆయన కంప్యూటరంటే బెదిరే మనిషి కారు. మనోవిజ్ఞానశాస్త్ర ఆచార్యులు, ఆ వ్యవస్థను స్వయంగా వాడినవారు. దాని అంతర్నిర్మాణాన్ని మెచ్చుకుంటూనే, మనిషికి ఎదురుపడే పైముఖం ఘోరంగా ఉందని తేల్చారు. పేరుకూ పనికీ పొంతన లేకపోవడం, చెప్పిన పని జరిగిందో లేదో తెలియజేయకుండా యంత్రం మౌనం వహించడం ఆయన ఎత్తిచూపిన దోషాల్లో ముఖ్యమైనవి. 1984 జనవరిలో ఆపిల్ సంస్థ మెకింటాష్‌ను విడుదల చేసింది. అంతకుముందే జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న మేజా ఊహను అది జనంలోకి తెచ్చింది. తెర ఒక ఆఫీసు బల్ల. బల్లమీద ఫైళ్లు, ఫోల్డర్లు, పక్కన చెత్తబుట్ట. ఆదేశాలు కంఠస్థం చేయనక్కరలేదు, చూసి ఎంచుకుంటే చాలు.

అప్పటినుంచి వాదం ఈ రెండు కొసల మధ్యే ఊగుతోంది. ఉత్తరం రాసుకోదలచినవాడు యంత్రశాస్త్రం ఎందుకు నేర్వాలని ఒక పక్షం అడుగుతుంది. నేర్చినవాడి చేతులు ఎందుకు కట్టేయాలని మరో పక్షం అడుగుతుంది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. కాని నార్మన్ విమర్శించిన పొట్టి పేర్లూ ఆంగ్లానివే, మెకింటాష్ ఇచ్చిన పొడవాటి పేర్లూ ఆంగ్లానివే. 'సీపీ' అర్థం కాకపోయినా 'కాపీ' అర్థమవుతుందన్న నమ్మకం మీదే సామాన్యుడి పక్షం నిలబడింది. ఆ నమ్మకం చెల్లని చోట ఏం జరుగుతుందన్నది ఈ వ్యాస విషయం.

2. పాత వివాదంతో పోలిక:

ఈ వాదం చెవిన పడగానే తెలుగు పరిశోధకులకు గ్రాంథిక, వ్యావహారిక వివాదం స్ఫురించడం సహజం. అక్కడ కూడా భాష పండితుడికా, పామరుడికా అన్నట్లుగానే చర్చ నడిచింది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షాన జయంతి రామయ్య పంతులు, ఎదుటి పక్షాన గిడుగు వేంకట రామమూర్తి, 1914లో అసమ్మతి పత్రం సమర్పించిన గురజాడ అప్పారావు. పోలిక ఆకర్షణీయమే గాని పూర్తిగా అతకదు. గిడుగు ప్రమాణంగా చూపిన శిష్టవ్యావహారికం అప్పటికే జనం నోట ఉంది. దాన్ని రాతలోకి అనుమతించమని మాత్రమే ఆయన కోరారు. కంప్యూటర్‌కు సంబంధించి తెలుగువారి నోట ఉన్నది చాలావరకు ఆంగ్లపదాలే కాబట్టి, ఇక్కడ నోటిమాటను అనుసరించడమంటే అనువాదాన్ని విరమించడం దాకా వెళ్తుంది.

అయినా ఆ వివాదం నుంచి తీసుకోదగ్గది ఒకటుంది. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం'లో గిడుగు పామరుడి కష్టాన్ని మాత్రమే ఏకరువు పెట్టి ఊరుకోలేదు. గ్రాంథికాన్ని సమర్థించిన పండితుల రచనల్లోనే వారి నియమాలకు విరుద్ధమైన ప్రయోగాలను ఎత్తిచూపారు. నియమం పండితుడికే పట్టుబడడం లేదన్నది, అది విద్యార్థికి కష్టమన్న దానికన్నా బలమైన వాదన. నార్మన్ తర్కం నడిచిన దారి కూడా ఇదే. నిపుణుడు సైతం పదేపదే పొరబడుతున్న చోట లోపం మనిషిలో లేదు. సామాన్యుడి మేలు కోరే విమర్శ నిపుణుడి అనుభవాన్ని పక్కకు నెట్టనక్కరలేదని ఈ రెండు సందర్భాలూ తెలుపుతున్నాయి.

3. ఫైలు, దస్త్రం, దాచడం:

ఆపరేటింగ్ సిస్టమ్‌ల తెలుగు అనువాదంలో స్థూలంగా రెండు ధోరణులు కనిపిస్తాయి. 'స్వేచ్ఛ' వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందాలు, లినక్స్ అనువాదకులు దస్త్రం, సంచయం, సంకేతపదం, విహారిణి వంటి తెలుగు లేదా సంస్కృతసమ పదాల వైపు మొగ్గారు. వాణిజ్య సంస్థల ఫోన్లలో ఫైల్, ఫోల్డర్, పాస్‌వర్డ్, బ్రౌజర్ వంటి లిప్యంతరీకరణలే ఎక్కువ. మొదటి ధోరణి మీద ఎవరికీ తెలియని పదాలన్న ఆక్షేపణ ఉంది. రెండో ధోరణి మీద తెలుగు లిపిలో ఆంగ్లమన్న ఆక్షేపణ ఉంది. రెండు వర్గాలూ తాము సామాన్యుడి కోసమే పనిచేస్తున్నామని భావించాయి. దస్త్రమన్న పదాన్ని ఎంచుకున్నవారి దృష్టిలో సామాన్యుడు ఆంగ్లం రాని తెలుగువాడు. ఫైలును ఎంచుకున్నవారి దృష్టిలో ఆంగ్లపదాలతో బతుకుతున్న తెలుగువాడు. ఇద్దరూ నిజంగా ఉన్నవారే.

పేచీ వేరే చోట ఉంది. తాలూకా కచేరీలో గాని, కళాశాల కార్యాలయంలో గాని ఫైలంటే అట్టల మధ్య ట్యాగుతో కట్టిన కాగితాల కట్ట. అందులో అర్జీ, నోటు, ఉత్తర్వు నకలు అన్నీ ఉంటాయి. ఫైలు ఒక బల్ల మీదినుంచి మరో బల్ల మీదికి కదులుతుంది, కొన్నిసార్లు కదలదు. ఆపరేటింగ్ సిస్టమ్ పరిభాషలో దీన్ని పోలినది ఫోల్డరు. యంత్రంలోని ఫైలు ఆఫీసులోని ఒక్క కాగితానికి సమానం. అంటే 'ఫైల్' అని రాసినంత మాత్రాన ఆఫీసు అనుభవమున్న తెలుగువాడికి సరైన అర్థం అందడం లేదు, తలకిందులైన అర్థం అందుతోంది. పోనీ దస్త్రం మేలా అంటే అదీ కాదు. పారసీ 'దఫ్తర్'తో చుట్టరికమున్న ఆ పదానికి కరణాల కాలంనుంచీ ఉన్న అర్థం లెక్కల కాగితాల కట్ట. అదీ ఫోల్డరే. దేశి, అన్యదేశ్య భేదం మీద ఇంత చర్చ జరిగినా ఈ రెండు పదాలూ ఒకే చోట తప్పటడుగు వేశాయన్న సంగతి చర్చకు రాకపోవడం విచిత్రం.

'దాచు' అన్న క్రియ ఇంతకన్నా చిక్కైనది. తెలుగింట్లో డబ్బు దాస్తారు, పండు పిల్లాడికోసం దాస్తారు, నిజం దాస్తారు. భద్రపరచడం, కంటపడకుండా చేయడం రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. ఆంగ్లంలో అవి రెండు వేరు వేరు ఆదేశాలు. తెలుగు ఫోన్‌లో 'దాచు' అంటే కనబడకుండా చేయడం, భద్రపరచడానికి 'సేవ్ చేయి'. ఫొటోను దాచుకోదలచినవాడు 'దాచు' నొక్కితే అది కనబడకుండా పోతుంది. ఇక్కడ తెలుగుపదం వాడడమే తెలుగువాడిని పొరబాటులోకి నెట్టింది.

అన్ని పదాలూ ఇలా బెడిసికొట్టలేదు. కత్తిరించు, అతికించు అన్నవి ఇట్టే కుదిరాయి. ఆఫ్‌సెట్ ముద్రణ రోజుల్లో పత్రికా కార్యాలయాల్లో పుటలను కత్తెరతోనూ, జిగురుతోనూ కూర్చిన అనుభవం తెలుగునాట ఉండడమే కారణం. చెత్తబుట్ట కూడా అంతే. పదం ఏ భాషదన్నది కాక, ఆ పని వాడుకలో ఉందా లేదా అన్నదే దాని బోధ్యతను నిర్ణయిస్తోంది.

4. తొలగించు, తొలగించండి:

పదజాలం మీద జరిగినంత చర్చ క్రియారూపాల మీద జరగలేదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఆంగ్లంలో విధ్యర్థకానికి ఒకే రూపం. 'డిలీట్' అని మీట మీద రాసి ఉంటే, ఆ మాట మనిషి యంత్రంతో అంటున్నాడా, యంత్రం మనిషితో అంటోందా అన్న ప్రశ్న పుట్టదు. యూనిక్స్ ఆదేశాల్లో సందేహం అసలే లేదు. అక్కడ టైపు చేసేవాడు యజమాని, యంత్రం బంటు. మెకింటాష్ తరహా తెరల మీద మాటలు ముందే అచ్చయి ఉంటాయి కాబట్టి ఆ స్పష్టత కొంత మసకబారింది. ఆంగ్లంలో ఆ మసకను క్రియారూపం బయటపెట్టదు.

తెలుగులో బయటపడుతుంది. ఏకవచన మధ్యమపురుషలో 'తొలగించు', బహువచనంలో లేదా గౌరవార్థంలో 'తొలగించండి'. అనువాదకుడు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. మీట మీద 'తొలగించు' అని ఉంటే మనిషి యంత్రాన్ని ఆజ్ఞాపిస్తున్నాడని అర్థం. యంత్రాన్ని ఎవరూ 'మీరు' అనరు కాబట్టి ఏకవచనం సముచితం. 'ఇక్కడ నొక్కండి' అని ఉంటే యంత్రం మనిషిని అభ్యర్థిస్తోంది. గౌరవవాచకం సముచితం. ఈ విభజనను నియమంగా పాటిస్తే తెలుగు ఇంటర్‌ఫేస్ ఆంగ్ల ఇంటర్‌ఫేస్ కన్నా స్పష్టంగా ఉండగలదు. ఎవరి నోటిమాట ఏదో క్రియే చెబుతుంది. మీటల మీద 'తెరువు', 'పంపు', 'రద్దు చేయి' అనీ, సందేశాల్లో 'ప్రయత్నించండి', 'నమోదు చేయండి' అనీ రాసే తెలుగు తెరలు చాలా ఉన్నాయి. అక్కడ అనువాదకుల భాషాజ్ఞానం మెచ్చదగ్గది.

అయితే ఆ నియమం తెలిసేదెవరికి? రోజూ ఇంటర్‌ఫేస్ వాడేవాడికి అది అలవాటుగా అబ్బుతుంది. కొత్తగా ఫోన్ పట్టిన మనిషి తెరమీది 'తొలగించు'ను చూసినప్పుడు, ఆ మాట తాను అనబోయేదని ఎలా గ్రహిస్తాడు? తెలుగులో లిఖితరూపంలో ఎదురుపడే విధ్యర్థకాలన్నీ చదువరిని ఉద్దేశించినవే. బస్సులో 'టికెట్ అడిగి తీసుకోండి', గోడమీద 'పోస్టర్లు అంటించరాదు', ప్రశ్నపత్రంలో 'ఖాళీలు పూరించుము'. చదువరే ఇంకొకరిని ఆజ్ఞాపించడానికి సిద్ధంగా రాసిపెట్టిన విధ్యర్థకం తెలుగువాడి చదువులో ఇంతకుముందు లేదు. అందువల్ల 'తొలగించు' అన్నది చాలామందికి యంత్రం తమకు చెబుతున్న మాటగా, పైగా ఏకవచనంలో చెబుతున్న మాటగా తోచే అవకాశం ఉంది. వయసులో పెద్దవారికి అది మర్యాదలేని మాటగానూ తోచవచ్చు.

అనుమతి పెట్టెల దగ్గర ఇది మర్యాదను దాటిన సమస్య అవుతుంది. కొత్త యాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఫోన్‌లోని పరిచయాల జాబితాను, ఫొటోలను, ఉన్నచోటును చూడడానికి అనుమతి కోరుతూ ఒక పెట్టె ప్రత్యక్షమవుతుంది. దాని కింద 'అనుమతించు', 'అనుమతించవద్దు' వంటి మీటలుంటాయి. సామాన్యుడి రక్షణ కోసం ఆపరేటింగ్ సిస్టమ్ కట్టిన గోడ ఇది. వాక్యనిర్మాణం చూస్తే మొదటిది ఆజ్ఞ, రెండోది నిషేధం. ప్రశ్నకు జవాబులా రెండూ లేవు. ఇంటి గుమ్మంలో ఎవరైనా 'లోపలికి రావచ్చా?' అని అడిగితే తెలుగువాడు 'రండి' అంటాడు, లేదా 'ఇప్పుడు కాదు' అంటాడు. 'అనుమతించు' అని గాలిలోకి అనడు. 'అనుమతిస్తాను', 'అనుమతించను' అన్న ఉత్తమపురుష రూపాలు గాని, 'సరే', 'వద్దు' అన్న వాడుకమాటలు గాని అక్కడ ఉంటే నిర్ణయం తనదేనన్న స్పృహ చదువరికి కలుగుతుంది. ఉన్న రూపంలో 'అనుమతించు' అన్నది పాటించవలసిన సూచనలా ధ్వనిస్తుంది. సూచనలను పాటించడం మనవారికి బడినుంచీ అలవాటే.

దీని పర్యవసానం ఊహాజనితం కాదు. 2020 చివర్లో తక్షణ రుణ యాప్‌ల వేధింపుల మీద హైదరాబాద్‌లో పోలీసులు కేసులు నమోదు చేసి అరెస్టులు జరిపారు. అప్పు తీసుకున్నవారి ఫోన్లలోని పరిచయాల జాబితాలు చేజిక్కించుకుని, బంధుమిత్రులకు అవమానకరమైన సందేశాలు పంపి వేధించిన తీరు అప్పట్లో విస్తృతంగా వెలుగుచూసింది. ఆత్మహత్యలు కూడా జరిగాయి. ఒక క్రియారూపం వల్లనే ఇదంతా జరిగిందనడం అన్యాయమవుతుంది. అవసరం, అప్పు, దోపిడి అసలు కారణాలు. ఆంగ్లంలో వాడుకున్నవారూ బలయ్యారు. అయినా ఆ జాబితా చేతులు మారే క్షణంలో మనిషికీ ప్రమాదానికీ మధ్య ఆపరేటింగ్ సిస్టమ్ నిలిపినది ఒక్క వాక్యం, రెండు మీటలు. ఆ వాక్యం ఎవరి నోటిమాటో తేలని భాషలో ఉండడం చిన్న విషయం కాదు.

సామాన్యుడికి అనుకూలమన్న మాటకు తెర మీద మాటలు తక్కువగా ఉండడమని రూపకర్తలు అర్థం చెప్పుకున్నారు. మీటకు ఒకే మాట, వీలైతే బొమ్మ. తెలుగు వంటి భాషలో కర్తృపురుష క్రియాప్రత్యయంలోనే ఉంటుంది కాబట్టి, ఒక్కమాటలోనే ఎవరు ఎవరితో అంటున్నారో చెప్పడం సాధ్యం. ఆంగ్లానికి లేని సౌకర్యం ఇది. ఆ సౌకర్యాన్ని వదిలేసి ఆంగ్ల ధాతురూపానికి తుల్యమైన తెలుగు ధాతురూపాన్ని పెట్టడం అనువాదంలో జరిగిన పెద్ద లోపం.

5. చేతివేళ్లలోని నైపుణ్యం:

నిపుణుడంటే ప్రోగ్రామర్ అన్న నిర్వచనం తెలుగునాట ఒక పెద్ద వర్గాన్ని మరుగుపరచింది. వారు డీటీపీ ఆపరేటర్లు. విండోస్‌లో తెలుగుకు నేరుగా ఆదరణ లభించింది 2001 నాటి ఎక్స్‌పీతో, గౌతమి ఖతితో. అప్పటికే తెలుగు ప్రచురణ రంగం కంప్యూటర్‌లోకి వెళ్లిపోయింది. ఆపరేటింగ్ సిస్టమ్ ఇవ్వనిదాన్ని 'అను' వంటి ప్యాకేజీలు ఇచ్చాయి. ఆంగ్లాక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్టును, గుడిని, ఒత్తును, ఇమిడ్చి పని నడిపాయి. తెర మీద తెలుగు కనిపిస్తుంది గాని, ఆపరేటింగ్ సిస్టమ్ దృష్టిలో ఆ పుటలో తెలుగు లేదు, అర్థంలేని లాటిన్ అక్షరాల గుంపు ఉంది. ఆ ముక్కలను ఏ వరుసలో కొట్టాలో, ఏ ఒత్తు ఏ అక్షరం కింద ఎంత జరగాలో తెలిసిన డీటీపీ ఆపరేటర్ పాత అచ్చుకూటపు కంపోజిటర్‌కు వారసుడు. అతడి నైపుణ్యానికి పట్టా లేదు. తెలుగు సాహిత్యం ఇరవయ్యేళ్లకు పైగా అతడి వేళ్లమీదుగానే నడిచింది.

ప్రభుత్వం 1986లో ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక శాస్త్రీయమైనది. అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి. అల్పప్రాణ, మహాప్రాణాలు ఒకే మీట మీద జంటలుగా ఉంటాయి. అన్ని భారతీయ భాషలకూ దాదాపు ఒకే స్థానాలు. వర్ణమాల తెలిసినవాడెవడైనా తేలిగ్గా నేర్చుకోగలడన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. ఇదీ సామాన్యుడి పేరిట జరిగిన రూపకల్పనే. విండోస్ దాన్నే స్వీకరించింది. కాని డీటీపీ ఆపరేటర్ వేళ్లు అప్పటికే ఇతర అమరికలకు అలవాటుపడ్డాయి. కంప్యూటర్ పరిచయమున్న విద్యావంతులు రోమన్ అక్షరాలతో తెలుగు రాసే రైస్ పద్ధతికి, 'లేఖిని' వంటి సాధనాలకు అలవాటుపడ్డారు. 2019లో విండోస్ 10 తెలుగుతో సహా పది భారతీయ భాషలకు ధ్వన్యనుసారి కీబోర్డును తనలో చేర్చుకుంది. రోమన్ దారిలో వచ్చిన విద్యావంతుడికి తలుపు తెరుచుకుంది. డీటీపీ ఆపరేటర్‌కు తెరుచుకోలేదు. అతడికి పనికొచ్చే మార్పిడి సాధనాలూ, యూనికోడ్‌లో పాత అమరికలూ బయటివారు చేసిపెట్టినవే.

దీని ఫలితం పరిశోధన రంగానికి బాగా తెలుసు. యూనికోడేతర ఖతుల్లో కూర్చిన సిద్ధాంతగ్రంథం పీడీఎఫ్‌గా భద్రంగానే ఉంటుంది. చదవవచ్చు. అందులో ఒక కవి పేరు వెతికితే మాత్రం దొరకదు. ఒక పేరా నకలు తీసి అతికిస్తే లాటిన్ గుర్తులు వరుస కడతాయి. పుస్తకం ఉంది, పాఠం లేదు. ఈ స్థితికి ఆపరేటర్ల అజ్ఞానం కారణమని సెమినార్లలో తరచు వినబడే మాట సరికాదు. అతడు తన కాలపు యంత్రం నుంచి రాబట్టగలిగినంత తెలుగును రాబట్టాడు.

6. కనిపించని అక్షరం:

'హైదరాబాద్‌లో', 'హైదరాబాద్లో' అన్న రెండు రూపాలనూ తెలుగు చదువరులు నిత్యం చూస్తుంటారు. రెండోది కంటికి ఇబ్బందిగా ఉంటుంది, పొల్లు పోయి లకారం దకారానికి ఒత్తవుతుంది. మొదటి రూపం రావాలంటే దకారప్పొల్లుకూ లోకారానికీ మధ్య ఒక అదృశ్యాక్షరాన్ని చేర్చాలి. యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు లేదు, ఆకారం లేదు, ఉచ్చారణ లేదు. పక్క అక్షరాలను కలవనివ్వకపోవడమే దాని పని. వ్యాకరణంలో దీనికి సమానమైనది లేదు. హలంతమైన అన్యదేశ్యాలకు విభక్తి చేర్చిన ప్రతిచోటా ఇది కావాలి. అంటే నేటి తెలుగు వాక్యంలో ఇది విశేషం కాదు, నిత్యావసరం. అయినా కంప్యూటర్ మీటల మీద దీని గుర్తు ముద్రించి ఉండదు. ఒక్కో సాధనంలో ఒక్కో రహస్యమార్గం. ఆ మార్గం తెలిసినవాడు నిపుణుడు, తెలియనివాడు సామాన్యుడు. తెలుగు రాయడానికి కావలసిన కనీస వస్తువును ఆపరేటింగ్ సిస్టమ్ నిపుణుల అటకమీద పెట్టిందన్నమాట.

ఈ అదృశ్యాక్షరమే 2018 ఫిబ్రవరిలో ప్రపంచ వార్తలకెక్కింది. 'ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్‌ను కూలుస్తోంది' అన్న అర్థంలో పత్రికలు రాశాయి. ఆ అక్షరం 'జ్ఞా', జ్ఞానానికి మొదటి అక్షరం. నిజానికి మామూలు 'జ్ఞా' వల్ల ఏ ప్రమాదమూ లేదు. ఞకారానికీ దీర్ఘానికీ మధ్య ఆ అదృశ్యాక్షరం చేరిన ప్రత్యేక క్రమాన్ని తెర మీద చిత్రించబోయినప్పుడే వ్యవస్థ చతికిలపడింది. బెంగాలీ లిపిలోని కొన్ని క్రమాలకూ అదే గతి పట్టింది. ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ సంస్థ లోపాన్ని సవరించింది. దోషం చిత్రణ యంత్రాంగానిది, అపఖ్యాతి తెలుగు అక్షరానిది.

ఈ ఉదంతం ఇక్కడ ప్రస్తావించడానికి వేరే కారణముంది. సామాన్యుడికి ఏ చింతా ఉండకూడదన్న సూత్రం మీద నిర్మితమైన వ్యవస్థ అది. లోపలి భాగాలను మూసి ఉంచడం ఆ సూత్రంలో భాగం. అటువంటి సందేశం వచ్చి యాప్ తెరుచుకోకుండా పోయినప్పుడు, తెలుగు లిపి గురించి ఎంత తెలిసిన మనిషైనా సంస్థ సవరణ కోసం ఎదురుచూడడం తప్ప పెద్దగా చేయగలిగింది లేదు. అక్షరాలను యూనికోడ్ స్థానాలుగా విడదీసి కారణాన్ని వివరించినవారు ప్రోగ్రామర్లు. వారిలో తెలుగు మాతృభాష కానివారూ ఉన్నారు. తెలుగు శాఖలకు ఆ చర్చలో చోటు లేకపోయింది, లేదా అవి చోటు అడగలేదు.

7. ఏడుసార్లు నొక్కితే:

ఆండ్రాయిడ్ ఫోన్‌లో డెవలపర్ల కోసం ఉద్దేశించిన అమరికల పుట మామూలుగా కనబడదు. ఫోన్ వివరాల్లో బిల్డ్ నంబరును ఏడుసార్లు నొక్కితే అది తెరుచుకుంటుంది. పరీక్ష లేదు, పట్టా అక్కరలేదు. పొరపాటున లోపలికి పోకుండా ఉండేంత అడ్డు, కావాలనుకున్నవాడిని ఆపలేనంత అడ్డు. నిపుణుడు, సామాన్యుడు అన్నవి రెండు జాతులు కావనీ, ఒకే మనిషి రెండు వేళల్లో రెండు విధాలుగా ఉంటాడనీ గుర్తించిన ఏర్పాటు ఇది. తెలుగు భాషలో నిపుణుడైన అధ్యాపకుడు యంత్రం ముందు సామాన్యుడు. యంత్రంలో నిపుణుడైన ఇంజనీరు 'దాచు' దగ్గర సామాన్యుడు. ఎవరికి అనువుగా ఉండాలన్న ప్రశ్నకు ఇంటర్‌ఫేస్ ఇవ్వదగ్గ జవాబు ఈ ఏడు నొక్కుల ఏర్పాటుకు దగ్గరలో ఉంది. కాకపోతే ఆ పుటలోకి వెళ్లాక కనిపించే భాష కూడా తెలుగై ఉండాలి. మొదటి పుట తెలుగులోనూ లోపలి పుటలు సగం ఆంగ్లంలోనూ ఉండే అనువాదం తెలుగువాడిని గుమ్మంలోనే నిలబెడుతుంది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో అనువాద పట్టికలు బహిరంగంగా ఉంటాయి. ఎవరైనా తెరిచి చూడవచ్చు, సవరణ ప్రతిపాదించవచ్చు. ఆ పట్టికలో ఒక్కో ఆంగ్ల వాక్యానికి ఎదురుగా తెలుగు వాక్యం రాయడానికి ఒక గడి, ఆ వాక్యం ఏ సందర్భంలోదో ప్రోగ్రామర్ వివరించడానికి మరో చోటు ఉంటాయి. ఆ రెండోది చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. 'అలౌ' అన్న మాట మనిషిదా, యంత్రానిదా అన్న సందేహం ఆంగ్లంలో రాసేవాడికి రాదు కాబట్టి అతడు అక్కడ ఏమీ రాయడు. తెలుగు అనువాదకుడికి చేరేది ఆ ఒక్క మాటే. అతడు తెర చూడకుండానే ఏదో ఒక ప్రత్యయం ఎంచుకుని తర్వాతి గడికి వెళ్తాడు.